ఇంట్లో నలుగురు కలిసి కంప్యూటర్ గేమ్ ఆడాలంటే ఎన్ని లైసెన్సులు కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ వచ్చిందంటే కడపలో పదింటికల్లా వీధులు ఖాళీ అవుతాయి. సెలవులకు చిన్నాయన పిల్లలు, మేనత్త పిల్లలు వచ్చి దిగుతారు. ఇంట్లో ఉన్న ఒక కంప్యూటర్, రెండు ల్యాప్‌టాప్‌లు హాల్లోకి చేరతాయి. ఆ వారంలోనే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఏడు రోడ్ల దగ్గర కంప్యూటర్లు అసెంబుల్ చేసి, రిపేర్ చేసే పని నాది. "అన్నా, ఒకటి కొన్నాం, ఇద్దరికి రావడం లేదు" అనే మాట ఏటా వింటున్నాను. అందుకే ఈసారి రాసిపెట్టాను. మీ సందేహం ఏదో చూసుకుని నేరుగా అక్కడికే పోవచ్చు, మొదటి నుంచి చదవాల్సిన పని లేదు.

## కొనక ముందు

డబ్బులిచ్చి కొన్న గేమ్ మాది కాదా? మధ్యలో ఈ లైసెన్స్ ఏంటి?

మీరు కొంటున్నది గేమ్‌ను కాదు, దాన్ని ఆడుకునే అనుమతిని. ఆర్టీసీ బస్ పాస్ లాంటిదనుకోండి. డబ్బు కట్టింది మీరే, కానీ బస్సు మీది కాదు. పాస్ మీద అన్న ఫోటో ఉంటే తమ్ముడు ఎక్కకూడదు. గేమ్‌లో ఆ ఫోటో బదులు ఖాతా ఉంటుంది. 2024 అక్టోబర్ నుంచి, కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్ ఈ సంగతిని డబ్బు కట్టే పేజీలోనే చెబుతోంది. కొనుగోలుదారుడికి వస్తున్నది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పాలనే కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఇది మాటల గారడీ కాదు. "ది క్రూ" అనే కారు రేసుల గేమ్ సర్వర్లను (నెట్ ద్వారా ఆటను నడిపే కంప్యూటర్లను) యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ఆపేసింది. అది ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉంటేనే నడిచే గేమ్. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు కూడా ఆ తర్వాత ఆడలేకపోయారు.

మాకు ముగ్గురు పిల్లలు, మూడు కంప్యూటర్లు. ఒక్కటి కొంటే చాలదా?

ఇంట్లో ఎంతమంది ఉన్నారని కాదు, ఒకే గేమ్‌ను ఒకే సమయంలో ఎన్ని కంప్యూటర్లలో ఆడతారని లెక్కపెట్టండి. పెద్దోడు పొద్దున, చిన్నోడు సాయంత్రం ఆడితే చాలా సందర్భాల్లో ఒకటి సరిపోతుంది. ముగ్గురూ మూడు కంప్యూటర్లలో ఒకే ఆటలో కలవాలంటే మాత్రం సాధారణంగా మూడు కావాలి. దీనికి మినహాయింపులు లేకపోలేదు, కానీ అవి గేమ్‌ను బట్టి మారతాయి. కొనేముందు ఆ గేమ్ పేజీలో స్ప్లిట్ స్క్రీన్ (ఒకే తెర పంచుకోవడం) అని ఉందా, ఆన్‌లైన్ కోఆప్ (నెట్ ద్వారా జట్టుగా ఆడటం) అని ఉందా, లాన్ (ఇంట్లో కంప్యూటర్లను కలిపి ఆడటం) అని ఉందా చూడండి. "మల్టీప్లేయర్" అనే ఒక్క మాట చూసి డబ్బు కట్టేవాళ్ళే ఎక్కువగా నాకు ఫోన్ చేస్తారు.

ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని ఆడితే కూడా రెండు కొనాల్నా?

అక్కర్లేదు. తెర ఒకటే, గేమ్ నడిచే కంప్యూటర్ ఒకటే కాబట్టి కాపీ, అంటే లైసెన్స్, ఒకటే చాలు. స్టార్‌డ్యూ వ్యాలీలో తెరను పంచుకుని ఆడే వీలు 2020 డిసెంబర్‌లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి ఉంది. ఓవర్‌కుక్డ్, కప్‌హెడ్, చాలా లెగో గేమ్స్ కూడా ఇలా ఆడొచ్చు. ఖర్చల్లా రెండో గేమ్‌ప్యాడ్‌కే. ఒకే కీబోర్డు మీద ఇద్దరు మోచేతులతో పొడుచుకుంటూ ఆడే కన్నా అదే నయం. పదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి నేను మొదట చెప్పేది ఈ రకం గేమ్సే.

ఒకరు కొంటే రెండోవాళ్ళు ఉచితంగా కలిసే గేమ్స్ ఉన్నాయంట, నిజమేనా?

నిజమే, కానీ తక్కువ. "ఇట్ టేక్స్ టూ", 2025లో వచ్చిన "స్ప్లిట్ ఫిక్షన్" అలాంటివి. రెండూ ఇద్దరే ఆడే గేమ్స్. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్ళు ఫ్రెండ్స్ పాస్ అనే ఉచిత వెర్షన్ దించుకుని వాళ్ళతో కలిసి ఆఖరి దాకా ఆడొచ్చు. ఒంటరిగా మాత్రం ఆడలేరు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ ఒకే సీడీతో పక్క కంప్యూటర్లలో "స్పాన్" అనే కుదించిన కాపీలు వేసుకోనిచ్చేది. వాటితో ఒంటరిగా ఆడే కథ రాదు, అసలు కాపీ ఉన్నవాళ్ళతో కలవడానికి పనికొస్తాయి. ఆ మంచి అలవాటును పరిశ్రమ మధ్యలో ఎందుకు వదిలేసిందో గానీ, ఇప్పుడు మళ్ళీ ఒకటి రెండు చోట్ల కనబడుతుంటే సంతోషంగా ఉంది.

ఒక్క రూపాయి పెట్టకుండా, దొంగతనం కాకుండా, నలుగురు ఆడే దారి ఉందా?

ఉంది, పైగా రెండు రకాలుగా ఉంది. మొదటిది ఓపెన్ సోర్స్ గేమ్స్. వీటి లైసెన్సే "ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకో, ఎవరికైనా పంచు" అంటుంది. సూపర్‌టక్స్‌కార్ట్ కార్ల పందేలు. ఒకే తెర మీదా ఆడొచ్చు, 2019లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి నెట్‌వర్క్‌లోనూ ఆడొచ్చు. జీరో ఏడీ పాత కాలపు రాజ్యాల యుద్ధం, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఇష్టపడేవాళ్ళకు బాగా నప్పుతుంది. మైన్‌క్రాఫ్ట్ తరహాలో దిమ్మెలు పేర్చుకునేందుకు లువాంటి ఉంది. దాని పాత పేరు మైన్‌టెస్ట్, 2024లో మార్చారు. ఓపెన్‌టీటీడీలో రైళ్ళు, బస్సులు నడిపి లాభాలు లెక్కపెట్టుకోవచ్చు. వీటిని పెన్‌డ్రైవ్‌లో వేసి మేనత్త వాళ్ళింటికి పంపినా తప్పు లేదు.

రెండోది కంపెనీలే ఉచితంగా ఇచ్చేవి. కౌంటర్ స్ట్రైక్ 2, రాకెట్ లీగ్, ఫోర్ట్‌నైట్, వాలరెంట్ ఈ కోవలోవి. ప్రవేశం ఉచితమే గానీ లోపల అంగడి తెరిచే ఉంటుంది. తుపాకీ రంగు మారడానికి పిల్లోడు 800 రూపాయలు అడిగే రోజు వస్తుంది. అందుకే చిన్నపిల్లలకు నేను మొదటి రకమే వేసిస్తాను.

## కొనేటప్పుడు

ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ కొన్నాం. కంప్యూటర్‌లో మళ్ళీ డబ్బులడుగుతోంది, మోసమా?

మోసం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొన్నది, కంప్యూటర్‌కు కొనేది వేర్వేరు కొనుగోళ్ళు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికొచ్చే అనుమానాల్లో సగం మైన్‌క్రాఫ్ట్‌వే.

మైన్‌క్రాఫ్ట్ రెండు రకాలు: జావా ఎడిషన్, బెడ్‌రాక్ ఎడిషన్. ఫోన్‌లో ఉండేది బెడ్‌రాక్. మామూలుగా జావా వాళ్ళు, బెడ్‌రాక్ వాళ్ళు ఒకే ప్రపంచంలో కలవలేరు. 2022 జూన్ నుంచి విండోస్ కంప్యూటర్‌కు కొంటే రెండూ కలిపే వస్తున్నాయి. కాబట్టి అక్క ల్యాప్‌టాప్‌లో, తమ్ముడు ఫోన్‌లో కలిసి ఆడాలంటే ల్యాప్‌టాప్‌లో బెడ్‌రాక్ తెరవాలి. జావా తెరిచి "తమ్ముడు కనబడటం లేదు" అంటే ఎప్పటికీ కనబడడు.

ఇక లెక్క. ఆడే ప్రతి మనిషికీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా, ఆ ఖాతాలో కొన్న గేమ్ ఉండాలి. ఒకే ఖాతాతో రెండు కంప్యూటర్లలో వేసుకోవడం కుదురుతుంది గానీ, జావాలో ఆ ఇద్దరూ ఒకే సర్వర్‌లోకి దూరితే మొదటివాళ్ళను బయటికి నెట్టేస్తుంది. రియల్మ్స్ అనే నెలవారీ చందా సర్వర్‌కు మాత్రం ఇంట్లో ఒకరు కడితే చాలు, మిగతావాళ్ళు ఆహ్వానం మీద వస్తారు. వాళ్ళ దగ్గర గేమ్ అయితే ఉండాలి.

ఒకే గేమ్ స్టీమ్, ఎపిక్, జీఓజీ మూడింట్లో ఉంది. ఇంటికి ఏది మంచిది?

మూడూ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ అంగళ్ళే. నలుగురు పంచుకునే ఇంటికైతే స్టీమ్. అక్కడ కుటుంబం మొత్తానికి ఉమ్మడి లైబ్రరీ పెట్టుకోవచ్చు. ఎపిక్‌లో అలాంటి ఉమ్మడి లైబ్రరీ లేదు. అయితే ఎపిక్ 2018 డిసెంబర్‌లో మొదలైనప్పటి నుంచి ఉచితంగా గేమ్స్ ఇస్తూనే ఉంది, చాలా కాలంగా ప్రతి గురువారం మారుస్తోంది. ఇంట్లో ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ ఎవరి ఖాతాలో వాళ్ళు ఆ గేమ్‌ను తీసేసుకోండి. ఈ రోజు ఆడకపోయినా పర్లేదు. రెండేళ్ళు ఓపిగ్గా అలా చేసిన ఇల్లు నాకు తెలుసు, ఇద్దరు పిల్లలకూ జంట కాపీలు పోగయ్యాయి.

జీఓజీ గేమ్స్‌కు కాపీ చేయకుండా ఆపే తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ దించి పెట్టుకుంటే ఇంట్లో ఉన్న కంప్యూటర్లలో వేసుకోవచ్చు. తాళం లేదు కదా అని వీధంతా పంచితే మాత్రం అది వాళ్ళ నిబంధనకు విరుద్ధం. పాత గేమ్స్ ఇష్టపడే నాన్నలకు ఇదే సరైన అంగడి.

బయటి వెబ్‌సైట్‌లో గేమ్ కీ సగం ధరకే దొరుకుతోంది. కొనొచ్చా?

వద్దు. కీ అంటే గేమ్‌ను మీ ఖాతాలో చేర్చే కోడ్. ఆ కీ ఎవరి కార్డుతో కొన్నదో, ఏ దేశానికి ఇచ్చిందో మీకు తెలియదు. దొంగ కార్డుతో కొన్నదని తేలితే కంపెనీ దాన్ని రద్దు చేస్తుంది. మా పెద్దోడి పుట్టినరోజుకు నేనే ఆశపడి అలా ఒకటి కొన్నాను. మూడు వారాలు బాగా నడిచింది. ఒక పొద్దున లైబ్రరీలోంచి మాయమైంది. అమ్మిన సైట్‌కు నాలుగు మెయిళ్ళు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. పిల్లోడి ముందు తలెత్తుకోలేకపోయాను. అప్పటి నుంచి స్టీమ్ సేల్ కోసం ఆగుతున్నాను, సగం ధర అక్కడే వస్తుంది. వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టి ఆ దేశం ధరకు కొనడం కూడా నిబంధనల ఉల్లంఘనే, ఖాతాకే ముప్పు.

పిల్లల నాన్న కువైట్‌లో ఉన్నారు. ఆయన అక్కడ కొంటే ఇక్కడ పిల్లలు ఆడొచ్చా?

రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. ఆయన స్టీమ్ ఖాతా కువైట్‌ది అయితే దినార్లలో ఉంటుంది. ఉమ్మడి లైబ్రరీ పంచుకునే స్టీమ్ కుటుంబంలో చేరాలంటే అందరి ఖాతాలూ ఒకే దేశానివి కావాలి, కాబట్టి కుదరదు. గిఫ్ట్‌గా పంపడం కూడా రెండు దేశాల ధరల్లో తేడా బాగా ఉంటే ఆగిపోతుంది. సులువైన దారి ఏంటంటే, ఆయన డబ్బు పంపాలి, ఇక్కడి ఖాతాలో రూపాయల్లో అమ్మ కొనాలి. స్టీమ్‌లో యూపీఐ పనిచేస్తుంది.

కొన్నాక మా కంప్యూటర్‌లో నడవకపోతే డబ్బు వాపసు వస్తుందా?

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే వస్తుంది. కాబట్టి కొన్న రోజే నడిపి చూడండి. సేల్‌లో తీసుకుని సెలవులకని దాచిపెడితే గడువు దాటిపోతుంది.

ఆన్‌లైన్ గేమ్స్ మీద నిషేధం వచ్చిందన్నారు. ఇవి కొంటే కేసు అవుతుందా?

కాదు. నిషేధం డబ్బు పందెం కాసే ఆటల మీద. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీ లాంటి పందేల మీద 2020లోనే చట్టం వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతా డబ్బు పందెపు ఆటలను ఆపింది, ఈ-స్పోర్ట్స్‌ను (వీడియో గేమ్ పోటీలను) మాత్రం గుర్తించింది. ధర కట్టి గేమ్ కొనుక్కుని ఇంట్లో ఆడుకోవడం పందెం కాదు.

## ఖాతాలు పెట్టేటప్పుడు

ఖాతా పిల్లోడి పేరు మీద పెట్టాల్నా, నా పేరు మీదనా?

స్టీమ్ ఖాతాకు కనీస వయసు 13. అది దాటితే పిల్లోడి ఖాతా పిల్లోడికే పెట్టి, కుటుంబంలో "చైల్డ్"గా చేర్చండి. అంతకన్నా చిన్నవాళ్ళ కోసం మైక్రోసాఫ్ట్‌లో తల్లిదండ్రుల అనుమతితో చైల్డ్ ఖాతా తెరవొచ్చు. మైన్‌క్రాఫ్ట్‌కు అది సరిపోతుంది.

వయసు తప్పు చెప్పి ఖాతా తెరవొద్దు. లైసెన్స్ అంటే ఒప్పందం. మన దేశంలో 18 నిండనివాళ్ళు ఒప్పందం చేసుకోలేరని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే చెబుతోంది. కాబట్టి "నేను అంగీకరిస్తున్నాను" అనే బటన్ నొక్కాల్సింది మీరే. నొక్కేముందు ఒక్కసారి చదవండి అంటే నవ్వుతారు గానీ, ఖాతా బదిలీ గురించీ బ్యాన్ గురించీ రాసిన రెండు పేరాలైనా చూడండి.

స్టీమ్ ఫ్యామిలీస్ అంటే ఏంటి? ఎట్లా పనిచేస్తుంది?

ఇంట్లో ఆరుగురి వరకు ఒక కుటుంబంగా చేరతారు. ఎవరి ఖాతా వాళ్ళకే ఉంటుంది, ఎక్కడిదాకా ఆడారో దాచిపెట్టే సేవ్‌లు కూడా ఎవరివి వాళ్ళకే ఉంటాయి. అందరూ కొన్న గేమ్స్ ఉమ్మడిగా కనబడతాయి. ఇది 2024 సెప్టెంబర్‌లో అందరికీ వచ్చింది.

అంతకుముందున్న పద్ధతిలో అక్క తన లైబ్రరీలో ఏదో ఒకటి ఆడుతుంటే తమ్ముడికి ఆ లైబ్రరీ మొత్తం మూతపడేది. ఇప్పుడు అక్క ఒక గేమ్ ఆడుతుంటే తమ్ముడు అక్క కొన్న ఇంకో గేమ్ ఆడొచ్చు. ఇద్దరికీ అదే గేమ్ ఒకేసారి కావాలంటే మాత్రం కుటుంబంలో రెండు కాపీలు ఉండాలి. ఆ రెండూ ఎవరు కొన్నా ఫర్వాలేదు, నాన్న కొన్నది ఒకటి, అక్క కొన్నది ఒకటి ఉంటే కుటుంబంలో ఏ ఇద్దరైనా ఆడొచ్చు. ఇంట్లో బీరువా ఒకటే, అందులో ఎన్ని పుస్తకాలుంటే అంతమంది చదువుకున్నట్టు.

అన్ని గేమ్స్ రావు. వేరే కంపెనీ ఖాతా, కీ, చందా అడిగేవి కొన్ని ఇందులో చేరవు. గేమ్ లోపల కొన్న నాణేలు, దుస్తులు పంచుకోవడానికి వీల్లేదు. స్టోర్ పేజీలో పక్కనే "ఫ్యామిలీ షేరింగ్" అని ఉంటుంది, అది చూసే కొనండి.

దీంట్లో నాకు నచ్చింది ఇంకోటి. పిల్లలు కావాల్సిన గేమ్‌ను కార్ట్‌లో వేసి అడిగితే పెద్దవాళ్ళ ఫోన్‌కు వస్తుంది, ఒప్పుకుంటే అక్కడే డబ్బు కట్టొచ్చు. రోజుకు ఎంతసేపు ఆడాలి, ఏ గేమ్స్ కనబడాలి అన్నది కూడా పెద్దవాళ్ళే పెట్టొచ్చు. ఓటీపీ కోసం అమ్మ ఫోన్ దొంగచాటుగా తీసే అవసరం పిల్లలకు తప్పుతుంది.

చిన్నాయన వాళ్ళ పిల్లలను కూడా మా స్టీమ్ కుటుంబంలో చేర్చుకోవచ్చా?

ఒకే ఇంట్లో ఉండే దగ్గరివాళ్ళ కోసమే ఇది అని స్టీమ్ చెబుతోంది. ప్రొద్దుటూరులో వేరే కాపురం ఉన్న చిన్నాయన ఇల్లు వేరే ఇల్లే. మనకు రక్తం ఒకటే కావచ్చు, స్టీమ్‌కు కాదు.

సెలవుల కోసం చేర్చి, తర్వాత తీసేద్దాంలే అనుకుంటే ఇంకా నష్టం. కుటుంబం వదిలిన పెద్దవాళ్ళు, చేరిన రోజు నుంచి ఏడాది దాటేదాకా ఇంకో కుటుంబంలో చేరలేరు. వాళ్ళు ఖాళీ చేసిన చోటుకూ ఏడాది గడువు ఉంది. నాలుగు వారాల సరదాకు ఏడాది ఇరుక్కుంటారు.

మా పెద్దోడు బెంగళూరులో ఇంజినీరింగ్, హాస్టల్‌లో ఉన్నాడు. వాడిని తీసేయాల్నా?

తీసేయాల్సిన పని లేదనే నా అభిప్రాయం. చదువుకు పోయాడు గానీ వాడి ఇల్లు ఇదే కదా. అయితే వాడి రూమ్మేట్లకు ఆ ఖాతా ఇవ్వకుండా గట్టిగా చెప్పండి.

షాపులో పిల్లోడే వాళ్ళ మెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చాడు. ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే, ఈ రోజే మార్చండి. మెయిల్, ఫోన్ నంబరు ఎవరివైతే ఖాతా వాళ్ళదే. స్టీమ్‌లో మెయిల్ మార్చి, పాస్‌వర్డ్ మార్చి, లాగిన్‌కు కోడ్ అడిగే స్టీమ్ గార్డ్‌ను మీ ఫోన్‌లో పెట్టండి. డబ్బు కట్టిన రసీదు మెయిళ్ళు దాచుకోండి, ఖాతా పోతే మీదేనని నిరూపించేది అవే.

## ఆడేటప్పుడు

రెండో కంప్యూటర్‌లో గేమ్ తెరిస్తే మొదటిది ఆగిపోతోంది. ఏం చేయాల?

రెండింటిలో ఒకే స్టీమ్ ఖాతా ఉందన్నమాట. ఒక ఖాతాతో ఒకచోటే ఆడనిస్తుంది. రెండోవాళ్ళకు సొంత ఖాతా తెరిచి కుటుంబంలో చేర్చండి. అప్పుడు వేర్వేరు గేమ్స్ ఒకేసారి ఆడొచ్చు. అదే గేమ్ కావాలంటే రెండో కాపీ కొనాలి.

ఒకరు ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టుకుంటే ఒక్క కాపీతో ఇద్దరు ఆడొచ్చని యూట్యూబ్‌లో చూపిస్తున్నారే?

ఒక్క కాపీని ఒకేసారి ఒకరే వాడాలన్నది నియమం, ఆఫ్‌లైన్ మోడ్ దానికి సందు మాత్రమే. పైగా కలిసి ఆడటానికి అది పనికిరాదు. ఆఫ్‌లైన్‌లో ఉన్నవాళ్ళు ఆన్‌లైన్ ఆటలోకి రాలేరు. పక్కపక్కన కూర్చుని విడివిడిగా ఆడుకోవాలి, దానికి ఇంత తంటా ఎందుకు?

ఆఫ్‌లైన్ మోడ్ అసలు ప్రయోజనం నెట్ పోయినప్పుడు. రెండు వానలు పడితే మా వీధిలో ఫైబర్ తెగుతుంది, ఆ రోజు ఒంటరిగా ఆడే గేమ్స్‌కు అది దేవుడిలా ఆదుకుంటుంది.

ఇంట్లో ఒకరే కొన్న గేమ్‌ను, పక్క ఊళ్ళో ఉన్న మేనత్త కొడుకుతో ఆడే వీలుందా?

ఒకే తెర మీద ఇద్దరు ఆడే గేమ్ అయితే ఉంది. స్టీమ్‌లో 2019లో వచ్చిన రిమోట్ ప్లే టుగెదర్ అదే పని చేస్తుంది. గేమ్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, అవతలివాళ్ళకు బొమ్మ మాత్రం వెళ్తుంది, వాళ్ళ గేమ్‌ప్యాడ్ నొక్కితే మీ దగ్గర కదులుతుంది. కొనాల్సింది మీరొక్కరే. స్టీమ్ లింక్ యాప్ ఉంటే అవతల ఫోనైనా చాలు. మీ వైపు అప్‌లోడ్ వేగం బాగుండాలి, లేకపోతే ఎగిరే బొమ్మ గోతిలో పడ్డాక బటన్ అందుతుంది.

ఖాతా ఉంది, మైన్‌క్రాఫ్ట్ కొన్నాం. అయినా "మల్టీప్లేయర్ డిసేబుల్డ్" అంటోంది!

లైసెన్స్ తప్పు కాదు. చైల్డ్ ఖాతాకు కలిసి ఆడే అనుమతి పెద్దవాళ్ళు ఇవ్వాలి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఎక్స్‌బాక్స్ ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్ళి, పిల్లోడి పేరు ఎంచుకుని, మల్టీప్లేయర్ గేమ్స్‌లో చేరొచ్చు అన్నదాన్ని అనుమతించండి. తర్వాత పిల్లోడి ఖాతాను గేమ్‌లో ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్ళీ లోపలికి రండి. ఫార్మాట్ చేయించడానికి కంప్యూటర్ మోసుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, రెండు నిమిషాల పని అది.

రెండు కంప్యూటర్లలోనూ గేమ్ ఉంది. అయినా ఒకదానికి ఒకటి కనబడటం లేదు.

రెండూ ఒకే రౌటర్‌లో ఉన్నాయా చూడండి. ఒకటి ఫోన్ హాట్‌స్పాట్‌లో, ఒకటి వైఫైలో ఉంటే కనబడవు. గెస్ట్ వైఫై కూడా పనికిరాదు. విండోస్‌లో నెట్‌వర్క్‌ను "ప్రైవేట్" చేయండి, ఫైర్‌వాల్ అడిగితే అనుమతించండి. గేమ్ వెర్షన్ రెండింట్లో ఒకటే ఉండాలి.

## చిక్కులు వచ్చినప్పుడు

తమ్ముడు చీట్ వాడాడంట, అక్క ఖాతాకు బ్యాన్ వచ్చింది. ఇదేం న్యాయం?

స్టీమ్ ఫ్యామిలీస్‌లో నియమమే అది. మీ కాపీతో కుటుంబంలో ఎవరైనా మోసం చేసి పట్టుబడితే, ఆ గేమ్‌లో కొన్నవాళ్ళకూ బ్యాన్ పడుతుంది. ఊరివాళ్ళకు బండి ఇస్తే చలానా మన నంబరుకు వచ్చినట్టే. వాక్ అనేది మోసాలు పట్టే స్టీమ్ వ్యవస్థ. అది వేసే బ్యాన్‌లు శాశ్వతం, బతిమాలితే తీసేయరు. చీట్లు వెతికే అలవాటున్న పిల్లోడికి పోటీ గేమ్స్‌లో సొంత కాపీయే కొనివ్వండి.

క్రాక్ వేసుకుంటే నిజంగా ఎవరైనా పట్టుకుంటారా?

క్రాక్ అంటే గేమ్ తాళం పగలగొట్టి దొంగ కాపీ నడిపించడం. చట్టం ఏముందో చెబుతాను. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికో లాభానికో వాడకపోతే, తగిన కారణాలుంటే కోర్టు జైలు లేకుండా 50 వేల దాకా జరిమానాతో వదలొచ్చు.

ఇంటికి పోలీసులు వస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నేను చూసే నష్టం వేరు. క్రాక్‌తో వచ్చిన వైరస్ నాన్న బ్యాంకు పాస్‌వర్డ్ సేవ్ చేసుకున్న బ్రౌజర్‌లోకే పోతుంది. క్రాక్ వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉంటుంది. తలుపు తీసిపెట్టి పడుకోమన్నట్టు. పైగా కలిసి ఆడటానికి కావాల్సిన అసలు సర్వర్లు దొంగ కాపీని రానివ్వవు. ఏ సరదా కోసం వేశారో అదే దొరకదు.

విండోస్ ఫార్మాట్ చేయిస్తే కొన్న గేమ్స్ పోతాయా?

పోవు. లైసెన్స్ ఖాతాలో ఉంటుంది, హార్డ్ డిస్క్‌లో కాదు. మళ్ళీ దించుకోవచ్చు. సేవ్‌లు అన్ని గేమ్స్‌కూ క్లౌడ్‌లో ఉండవు, అది మాత్రం ముందే కాపీ చేసుకోండి.

పాత కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంది. చిన్నోడికి అది ఇద్దామనుకుంటున్నాం.

2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8 మీద స్టీమ్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు కూడా 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు ఉండాలి. అంత పాత దానికి నేను విండోస్ బదులు లినక్స్ వేసి సూపర్‌టక్స్‌కార్ట్ పెట్టిస్తాను. గ్రాఫిక్స్ తగ్గించుకుంటే నడుస్తుంది.

బీరువాలో పాత గేమ్ సీడీలున్నాయి. కాపీ తీసుకోవచ్చా?

సీడీ న్యాయంగా మీదైతే, పాడైపోతుందేమోనని భద్రత కోసం బ్యాకప్ తీసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఆ బ్యాకప్‌ను స్నేహితుడికి ఇవ్వడానికి కాదు.

పెద్దోడికి పెళ్ళయింది, వేరు కాపురం. వాడి గేమ్స్ తమ్ముడికి రాసివ్వొచ్చా?

రాసివ్వలేడు. స్టీమ్ నిబంధనల ప్రకారం ఖాతా ఒకరి నుంచి ఇంకొకరికి మారదు, అందులోని గేమ్స్ కూడా విడిగా మారవు. అన్న కుటుంబం నుంచి బయటికి పోతే ఆయన గేమ్స్ ఆయనతోనే పోతాయి. తమ్ముడు సగం ఆడినది ఉంటే సేవ్ ఉంటుంది, ఆడటానికి సొంత కాపీ కొనుక్కోవాలి. పొలం పంచినట్టు పంచడానికి ఇందులో గట్టు ఉండదు.

నాలుగు కంప్యూటర్లున్నాయి. సాయంత్రాలు వీధి పిల్లలకు గంటకు 30 రూపాయలకు ఇద్దామా?

డబ్బు తీసుకున్న క్షణం అది ఇల్లు కాదు, వ్యాపారం. ఇంటికి కొన్న లైసెన్స్ దానికి చెల్లదు. అలాంటి సెంటర్ల కోసం స్టీమ్‌కు పీసీ కేఫ్ ప్రోగ్రామ్ అని వేరే ఉంది, దరఖాస్తు చేసుకోవాలి. అందులో కూడా గేమ్‌ను బట్టి కంపెనీ ఒప్పుకోవాలి. డబ్బు తీసుకోకుండా పక్కింటి పిల్లోడు వచ్చి మీ పిల్లోడి పక్కన కూర్చుని ఒకే తెర మీద ఆడుకుంటే ఏ లైసెన్సూ అక్కర్లేదు, ఇంకో కుర్చీ వేస్తే చాలు.